తువ్వాల కింది లెక్క

తెల్లవారి ఆరు దాటేసరికి జానయ్య దగ్గర ఉన్న సరుకు ఇంతే: ఎడమ చేతిలో ఒక గొర్రె కింది దవడ, భుజం మీద తెల్ల తువ్వాల, యాభై ఏండ్లుగా ఆయన పేరుకు ముందు నడుస్తున్న ఒక కథ. మిగతావన్నీ పరాయి సొత్తే. గొర్రె అమ్మేవాడిది, ఆశ కొనేవాడిది, కాళ్ల కింది నేల అంగడిది. బేరగాడంటే రెండు చేతులను కలిపే మూడో చెయ్యి. పని అయ్యాక ఆ చెయ్యి ఎవరికీ గుర్తుండదు.

తిరుమలగిరి అంగడి మీద మంచు ఇంకా లేవలేదు. జీవాలు ముందు వినిపించి, తర్వాత కనిపిస్తున్నాయి. అరుపు ఒక చోట పుడుతుంది, మూతి ఇంకో చోట తేలుతుంది. జానయ్యకు ఈ గంట ఇష్టం. మంచులో ఏ గొర్రె ఎవరిదో తెలియదు. అన్నీ ఒకే మందలాగా, ఎటో పోతున్నట్టుగా ఉంటాయి.

"రెండు పండ్లది తాతా. తొలి ఈత" అన్నాడు అమ్మేవాడు.

జానయ్యకు గొర్రె వయసు చెప్పేది దాని పండ్లే. బొటనవేలితో గొర్రె కింది పెదవిని వంచాడు. ఆ బొటనవేలి గోరు పసుపు పచ్చగా మారి, పలకలాగా చదునైపోయింది. ఎన్ని వేల నోళ్లు తెరిచిందో ఆ వేలు. చెవికి వెండి పోగు, పగిలిన మడమలు, ముందుకు వంగిన మెడ. డెబ్బై అయిదేండ్ల మనిషిలో గట్టిగా మిగిలినవి ఆ వేలూ, ఆ చూపూ.

"ఆరు పండ్లు. మూడు ఈతలన్న ఈనింది. నీ నోరు అబద్ధమాడింది గని, దీని నోరు ఆడలే" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అమ్మేవాడు కూడా నవ్వి, తల గోక్కున్నాడు. కొనడానికి వచ్చిన పడుచువాడు మాత్రం జానయ్య వైపే చూస్తూ పక్కవాడిని అడిగాడు: "కాలువ దాటించిన జానయ్య అంటే గీయనేనా?"

"గీయనే."

అంతటితో బేరం సగం కుదిరిపోయింది. పొంగే కాలువలో పొట్టేలును మెడ మీద వేసుకుని మంద మొత్తాన్ని అవతలి గట్టుకు చేర్చినవాడు ఒక గొర్రె పండ్ల దగ్గర అబద్ధమాడతాడా? జానయ్య తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. ధర నోటితో పలకకూడదు. గుడ్డ కింద వేళ్లు వేళ్లను పట్టుకుంటాయి; ఎన్ని వేళ్లు పడితే అంత. గుడ్డ కదలికను బట్టే లోపల ఏమవుతున్నదో జానయ్యకు తెలుస్తుంది. తువ్వాల రెండుసార్లు ఎగిరి, ఒకసారి కుంగి, ఆగింది. కుదిరింది.

ఎడమ జబ్బ కింద ఏదో గుంజినట్టయింది. మూడు దినాలుగా అట్లాగే ఉన్నది. చలికని అనుకున్నాడు.

మంచులోంచి ఎర్ర స్వెట్టరొకటి వచ్చింది. మల్లిక, ఆయన బిడ్డ బిడ్డ. నల్లగొండలో ఉండి చరిత్రలో ఎం.ఏ. చదువుతున్నది. నిన్న సాయంత్రం బస్సులో వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, ముఖంలో నిద్ర లేదు.

"తాతా, చాయ తాగుదం పా. నాకు నీతోటి పని పడ్డది."

యాదయ్య చాయ కొట్టు బల్ల మీద మల్లిక అయిదు కాగితాలు పరిచింది. తను రాస్తున్న పరిశోధన వ్యాసం గురించి రాత్రే చెప్పింది. కాలువ రాకముందు ఎండాకాలం వస్తే ఎగువ ఊళ్ల మందలన్నీ ఒకే తొవ్వన కృష్ణ ఒడ్డుకు పోయేవి. ఆ మందల తొవ్వ ఎట్లా ఆగిపోయింది అన్నది ఆమె వ్యాసం. సోమవారం ఇచ్చెయ్యాలి. బాగుంటే పుస్తకంలో వేస్తారట. ఆ పుస్తకంలో పేరు పడితే పై చదువుకు సీటు అడగవచ్చునట.

"గీ ఐదు నెట్టుల దొరికినయి. ఐదిట్ల ఒక్కటే ఉన్నది. ఐదుగురు ఒక్క మాట చెప్తే నిజమే కదా? మేడం ఒప్పుకుంటలేదు. ఎవలు చూసి చెప్పిండ్రు, ఎవలు ఇని చెప్పిండ్రు, తేల్చుకొని రమ్మన్నది. ఎట్ల తేల్చాలె తాతా?"

"మీ మేడం గొర్లు కాసిందా?"

"లే. ఎందుకు?"

"కాసినట్టే మాట్లాడుతున్నది. చదువు."

మల్లిక చదివింది. జానయ్యకు చదువు సంతకం వరకే. చెవి మాత్రం పదును. మొదటి కాగితం: కాలువకు నీళ్లు వదిలిన రోజున బల్లిగూడెం దగ్గర ఒక యువ కాపరి పొట్టేలును భుజాన వేసుకుని మూడు వందల అరవై గొర్రెల మందను దాటించాడు, అదే ఆ దారిన నడిచిన చివరి మంద. రెండోది అదే మాట, అదే వరస. మూడోదాంట్లో యువ కాపరి వీరుడయ్యాడు. నాలుగోదాంట్లో పొట్టేలు లేగదూడంత పెరిగింది. అయిదోదాంట్లో కాలువే నదయింది. గొర్రెలు మాత్రం పెరగలేదు, తగ్గలేదు. మూడు వందల అరవై.

"ఆగు" అన్నాడు జానయ్య. "ఊరి పేరు ఏమన్నవు?"

"బల్లిగూడెం. అసలు బొల్లిగూడెం కదా? అచ్చు తప్పు పడ్డట్టున్నది."

"ఐదిట్ల గట్లనే ఉన్నదా?"

మల్లిక వేలు పెట్టి వెతికింది. "ఐదిట్ల గట్లనే ఉన్నది."

"మన మంద గుర్తు ఏంది?"

"కుడి చెవి కొసకు గాటు."

"గా గాటున్న గొర్రె హాలియాల కనవడ్డా, నార్కట్‌పల్లిల కనవడ్డా, ఎవలదంటరు?"

"మనదంటరు."

"గిది గంతే బిడ్డా. బల్లిగూడెం, మూడు వందల అరవై. చెవి గాటు ఒక్కటే. గివి ఐదుగురు చెప్పిన మాటలు గావు, ఒక్క మందల ఐదు గొర్లు."

మల్లిక అయిదు కాగితాలనూ పక్కపక్కన చేర్చి చూసింది. తర్వాత ఆమె ముఖం వెలిగింది. తొందర తొందరగా తేదీలు చూసింది. అన్నిటికంటే పాతది ఒక పత్రిక ప్రత్యేక సంచికలోది, తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాదిది. మిగతా నాలుగూ దాని తర్వాతివే.

"గా పత్రికాయన ఈడ్నే కూసుండి రాసుకున్నడు గద పొల్లా" అన్నాడు యాదయ్య, చాయ వడగడుతూ. "మీ తాత చెప్తుండె, గాయన రాస్తుండె. నాలుగు చాయలు తాగిండు. ఊరి పేరు తప్పు రాసిండని అప్పుడే తెలిస్తే రెండే పోద్దును."

మల్లిక తాత వైపు తిరిగింది. "అంటే మంద నీదే! ఐదు కాగితాలు నీ నోట్లకెళ్లే వచ్చినయి! ఇంక నాకు గివెందుకు తాతా? కండ్లార చూసిన మనిషివి నువ్వే ఉన్నవు."

ఆమె ఫైలులోంచి మరో కాగితం తీసింది. దాని మీద రెండే వాక్యాలు. చదివి వినిపించింది: నేను స్వయంగా చూసినదాన్ని చూసినట్టు చెప్పాను. దీన్ని వ్యాసంలో వాడుకోవడానికి అంగీకరిస్తున్నాను. కింద గీత. గీత మీద జానయ్య పేరు పడితే చాలు.

కలం వేళ్ల మధ్య సన్నగా, చల్లగా ఉన్నది. జానయ్య దాన్ని కాగితం దాకా తీసుకుపోయి ఆపాడు.

ఏ సరుకు వచ్చినా ఆయన మూడు మాటలు అడుగుతాడు. ఎవరు చెప్పారు? కండ్లతో చూశారా? చెబితే వాళ్లకేం మిగిలింది? ఈ మూడింటితోనే ఇన్నేండ్లు బతికాడు. ఈ మూడూ దాటిన గొర్రెకే తువ్వాల కప్పాడు. ఆ మూడు మాటలూ తిరిగి తన నోటినే తెరవడానికి వస్తాయని ఎన్నడూ అనుకోలేదు.

మూడు వందల అరవై. ఆ లెక్క తనదే. మంద లెక్క నిజంగా ఎవరూ చెప్పరు. చెబితే దిష్టి తగిలి తగ్గిపోతుంది. ఎవరైనా అడిగితే నోటికి వచ్చిన సంఖ్య ఒకటి చెబుతారు. అది దిష్టి లెక్క. అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. తెలియనిదల్లా రాసుకున్నవాడికే. అట్లా జానయ్య గాలిలోకి వదిలిన సంఖ్య అచ్చయి, అయిదు చోట్ల నిలబడి, ఈవేళ మనుమరాలి చేతిలో కాగితాలై తిరిగి వచ్చింది.

లెక్కొకటే అయితే ఫికరు లేదు. జానయ్య కలం బల్ల మీద పెట్టాడు.

"హాలియా బస్సు ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి. ఎందుకు?"

"బొల్లిగూడెం పోదం. గుర్వమ్మ వదిన తాన్కి."

యాదయ్య గిన్నె దించి చూశాడు. "పదకొండేండ్లకు యాదికొచ్చిందా వదిన?"

"గొర్రెను కొన్నోడు మందను గూడ చూడాలె గద" అన్నాడు జానయ్య. సంతకం లేని కాగితాన్ని మడిచి మల్లికకు ఇచ్చాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మెట్ట దిగి కాలువ నేల మొదలయ్యే చోట రంగు మారుతుంది. ఇటు ఎర్ర రాయి, తుమ్మ చెట్టు. అటు ఒక్కసారిగా పచ్చ. యాసంగి వరి మోకాలు దాటి పెరుగుతున్నది. ఆ పచ్చని చూసినప్పుడల్లా జానయ్యకు మెడ మీద బరువు దిగుతుంది. తడిసిన బొచ్చు బరువు. పొట్టేలు గుండె తన వెన్ను మీద కొట్టుకుంటుంది. నీళ్లు నడుము దాకా వస్తాయి, ఒండ్రు వాసన వేస్తుంది, వెనక వందల గిట్టలు నీళ్లలో దిగుతాయి. అవతలి గట్టు మీద ఎవరో "హాయ్, హాయ్" అని పిలుస్తుంటారు.

ఇందులో ఒక్కటీ జరగలేదు.

జరగలేదని ఆయనకు తెలుసు. కానీ యాభై ఏండ్లు చెబుతూ పోతే మాటకు కూడా బొచ్చు మొలుస్తుంది. మొదటి ఏడాది కథలో పొట్టేలుకు కొమ్ములు లేవు. పెండ్లయిన ఏడాది కొమ్ములొచ్చాయి. బిడ్డ పుట్టాక వాన కూడా వచ్చి చేరింది. భార్య పోయిన ఏడాది కథ చెబుతూ చెబుతూ నిజంగానే ఏడ్చాడు. వచ్చినవాళ్లు ఆయన పొట్టేలు కోసం ఏడ్చాడనుకున్నారు. ఇప్పుడు ఆ బరువు మెడ మీద నిజంగానే ఉన్నది. చూడనిదాన్ని ఒళ్లు ఎట్లా గుర్తు పెట్టుకున్నదో ఆయనకు అర్థం కాదు.

ఒక్కసారి మాత్రం అన్న బీరన్న అంగడికి వచ్చి, జనం వెనక నిలబడి ఆ కథ విన్నాడు. అయిపోయాక దగ్గరికి వచ్చి "గట్లనే కానియ్ తమ్మీ" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మంచి చెడులే తప్ప మాటలు లేవు. పదకొండేండ్ల కింద అన్న పోయాడు. అప్పుడు పోయి, మట్టి వేసి, వదిన ముఖం చూడకుండానే వచ్చేశాడు.

"తాతా, నిద్ర వస్తుందా?"

"లే బిడ్డా. దాటుతున్న."

మల్లికకు అర్థం కాలేదు. హాలియాలో దిగి ఆటో ఎక్కారు.

బొల్లిగూడెం కాలువ కట్టకు ఆనుకుని ఉంటుంది. పెద్ద కాలువ నుంచి చీలిన పిల్ల కాలువ అది. గట్టిగా దూకితే పడుచువాడు దాటేంత వెడల్పు. మల్లిక దాన్ని చూసి, చేతిలోని ఫైలు వైపు చూసుకున్నది. ఆమె చదివిన నది ఇదే.

గుర్వమ్మ ఇంటి ముందు మిరపకాయలు ఎండబోసి, తొడిమలు తుంచుతున్నది. ఎనభై దాటిన మనిషి. వేళ్లు మిరపకాయల రంగుకు తిరిగాయి. తల ఎత్తి, కండ్లు చికిలించి, వచ్చినదెవరో పోల్చుకున్నది.

"ఏం మరిదీ, తొవ్వ తప్పినవా? అంగడి గిటైపు లేదు గద."

"తొవ్వ తప్పలే వదినా. తొవ్వ కోసమే వచ్చినం."

"గీ పొల్లెవరు?"

"నా బిడ్డ బిడ్డ. మల్లిక. పెద్ద చదువు చదువుతున్నది."

"కూసో బిడ్డా. మిరపకాయ ముట్టకు, చెయ్యి మండుతది." గుర్వమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఒక చెంబే. మల్లికకు ఇచ్చి, ఆమె తాగాకే మరిది వైపు జరిపింది. జానయ్య ఆ వరస గమనించాడు. న్యాయమే అనుకున్నాడు.

మల్లిక తను వచ్చిన పని చెప్పింది. గుర్వమ్మ శ్రద్ధగా విన్నది.

"నేను చెప్తే నాకేమొస్తది?"

"ఏం రాదు అవ్వా" అన్నది మల్లిక, కొంచెం సిగ్గుతో.

"చెప్పకుంటే ఏం పోతది?"

"నీకేం పోదు. నా వ్యాసం తప్పయితది."

"వచ్చేది లేదు, పోయేది లేదు. అయితే నిజమే చెప్పొచ్చు." గుర్వమ్మ పండ్లు లేని నోటితో నవ్వి, జానయ్య వైపు తిరిగింది. నవ్వు ఆగింది. "నువ్వు చెప్తవా మరిదీ, నేనే చెప్పాల్నా?"

ఎండలో మిరప ఘాటు లేస్తున్నది. జానయ్య భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. పక్కన మనుమరాలు నోటు బుక్కు తెరిచి కూర్చున్నది. చిన్నప్పుడు ఈ కథ విననిదే అన్నం తినేది కాదు. పొట్టేలు మునిగిపోతుందేమోనని ప్రతిసారీ ఆయన మెడ పట్టుకునేది.

"గా దినం నేను ఈడ లేను బిడ్డా" అన్నాడు.

మల్లిక కలం ఆగింది.

"హాలియా అంగట్ల ఉన్న. మా అన్నకు జరమొచ్చి పడుకున్నడు. మంద తోలుకొని వదిన పోయింది. కాలువల నీళ్లొచ్చినయి, మంద ఇవతలనే ఆగిందని కబురొచ్చింది. మ్యాత లేకుంటె జీవాలు నాలుగు దినాలు ఉండయి. అమ్మాలె. చిక్కిన జీవాలను ఎవలు కొంటరు? అప్పుడన్న: గివి మామూలు జీవాలు గావు, పొంగే కాలువ ఈదినయి, నేనే దాటించిన అని. గా మాట మీదనే మంద మొత్తం పోయింది. గదే నా తొలి బేరం. మా అన్న మంద."

కట్ట మీద కాలువ నీళ్ల చప్పుడు వినిపిస్తున్నది.

"అమ్మెటందుకు చెప్పిన మాటనా అది తాతా?" అన్నది మల్లిక చివరికి. గొంతులో కోపం లేదు. చిన్నపిల్ల గొంతు ఉన్నది.

"అమ్మెటందుకు చెప్పిన మాటనే."

"మరి దాటినయా, లేదా?"

దానికి గుర్వమ్మ జవాబు చెప్పింది. మిరపకాయ తొడిమ తుంచుతూ, చేట వైపు చూస్తూ చెప్పింది.

"దాటలె బిడ్డా. నేను పొద్దున వచ్చేసరికి తొవ్వకు అడ్డం నీళ్లున్నయి. నిన్నటి దాకా ఎండిన గుంత అది. మా ముసలి పొట్టేలు ముందుకు పోయింది. మునిగిపోతదని గుండె దడదడ అన్నది. ముందటి కాళ్లు నీళ్లల్ల పెట్టి, మూతి వంచి, తాగింది. గంతే. ఏడాదికి ఏడాది నీళ్ల కోసం నడిచిన జీవం. నీళ్లే ఎదురొస్తే ఇంక ఏడికి పోతది? తాగి ఎనకకు మళ్లింది. మంద గూడ మళ్లింది. నేను మూడు దినాలు తోలి చూసిన. ఒక్కటి దిగలె. పిల్లలు ఆరు కాలు జారి పోయినయి. నాలుగో దినం నేను గూడ మళ్లిన."

"ఏ సంవత్సరం అవ్వా?"

"నాకేం ఎరుక? మా కొడుకు పరమేష్‌కు కింద రెండు పాలపండ్లు వచ్చినయి. సంకల ఉండె."

మల్లిక ఆశగా ముందుకు వంగింది. "పరమేష్ మామ బడి సర్టిఫికెట్ ఉంటే పుట్టిన తేదీ..."

"గది నమ్మకు" అన్నాడు జానయ్య. ఆ మాట ఆయనకు తెలియకుండానే వచ్చింది. పండ్లు చూసే వేలు పలికినట్టు. "గా ఏడాది బడిల చేరిన పోరగాళ్లందరు జూన్ ఒకటో తారీఖునే పుట్టిండ్రు. పంతులు రాసుకున్న తేదీ అది."

గుర్వమ్మ పకపకా నవ్వింది. "నిజమే పొల్లా! మూడిండ్ల అవతలోడు మా వానికంటె రెండేండ్లు పెద్ద. కాగితంల ఇద్దరు కవలలు!"

మల్లిక కూడా నవ్వింది. ఆ నవ్వుతో ఏదో సడలింది. ఆమె నోటు బుక్కులో రాసుకుంటూ పైకి చదివింది: "సంవత్సరం తెలియదు." గుర్వమ్మ తల ఊపింది. జానయ్యకు ఆ వాక్యం చాలా నచ్చింది. తెలియదని చెప్పే అమ్మకందారుడు తన బతుకులో ఇద్దరో ముగ్గురో తగిలారు. వాళ్ల గొర్రె నోరు ఎన్నడూ తెరిచి చూడలేదు.

"చివరగ ఒక్కటి అవ్వా. మందల ఎన్ని జీవాలుండె? మూడు వందల అరవై..."

"మూడు వందల అరవయ్యా!" గుర్వమ్మ చేట కింద పెట్టింది. "గన్నుంటె మా ఇంటికి బంగ్లా ఉండకపోవునా? ఓ మరిదీ, జర దిష్టి లెక్కన్న నమ్మేటట్టు చెప్పాలె గద!"

"అసలెన్ని మరి?"

"జీవాల లెక్క నోటితోటి చెప్తరా బిడ్డా?"

"అవన్ని పోయి యాభై ఏండ్లాయె కద అవ్వా. ఇంకేం దిష్టి తగుల్తది?"

గుర్వమ్మ కాలువ కట్ట వైపు చూసింది, అక్కడ ఏదో మేస్తున్నట్టు. "పోయినయని నువ్వంటున్నవు" అన్నది మెల్లగా.

మల్లికకు ఏం చెయ్యాలో తోచలేదు. వ్యాసానికి లెక్క కావాలి. కండ్లార చూసిన ఒకే ఒక్క సాక్షి చెప్పదు. జానయ్య లేచాడు. మోకాళ్లు చప్పుడు చేశాయి. తెల్ల తువ్వాల దులిపి, మనుమరాలి కుడి చేతినీ వదిన కుడి చేతినీ దగ్గరికి చేర్చి, వాటి మీద కప్పాడు.

"చెప్పకు వదినా. పట్టి ఇయ్యి."

గుర్వమ్మ ఆయన ముఖంలోకి చూసింది. అన్ని ఏండ్లలో మొదటిసారి.

"ఇరవైలు, వేలుకొకటి" అన్నదామె. తువ్వాల కదిలింది. మల్లిక కండ్లు పెద్దవయ్యాయి. ముసలి వేళ్లు ఆమె వేళ్లను ఒక్కొక్కటే పట్టుకుని వదిలాయి, మళ్లీ పట్టుకున్నాయి. "ఇరవైలు పోంగ విడివి" అన్నది గుర్వమ్మ. తువ్వాల ఇంకోసారి కదిలి, ఆగింది.

జానయ్య తల పక్కకు తిప్పుకుని ఉన్నాడు. యాభై ఏండ్లలో గుడ్డ కదలిక చూడకుండా నిలబడ్డది అప్పుడే. ఆ మంద లెక్క ఆయనకు తెలుసు. అమ్మినవాడు ఆయనే. అయినా ఆ లెక్క తనది కాదు.

సంతకం కాగితం మీద గుర్వమ్మ వేలిముద్ర వేసింది. వాళ్లు బయలుదేరేటప్పుడు చెంబుతో నీళ్లు తెచ్చి, ఈసారి ముందు మరిదికి ఇచ్చింది.

"మీ అన్న ఏమన్నడో ఎరుకనా?" అన్నది, ఆయన తాగుతుంటే. "గా కథల మన మందన్న దాటింది గదనే, పోనీ, అన్నడు. అందుకే ఊకున్నడు."

జానయ్య చెంబు దించలేదు. చివరి చుక్క దాకా తాగాడు.

మూడు గంటల బస్సు ఖాళీగా ఉన్నది. మల్లిక కిటికీ పక్క సీటు తాతకు ఇచ్చి, నోటు బుక్కు ఒళ్లో పెట్టుకుని, కుడి చేతి వేళ్లు ఊదుకుంటూ కూర్చున్నది. మిరప ఘాటు వేళ్లకు అంటింది. వేలు వేలు మండుతున్నది. ఎన్ని వేళ్లు, ఎన్నిసార్లు అన్నది మరిచిపోదామన్నా మరిచిపోలేనట్టుగా.

"మండుతుందా?"

"బాగ మండుతుంది."

"మండనియ్. రాసుకోకున్నా యాదుంటది."

"తాతా, నాకు నీ మీద కోపమొచ్చింది. ఇప్పుడు లేదు."

"ఉంటె ఉండనియ్. నిలువ ఉంటె చెడేది కాదు కోపం."

మల్లిక నవ్వి, రాయడంలో పడింది. జానయ్య తువ్వాల మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. కిటికీలోంచి వచ్చే వరి గాలి చల్లగా ఉన్నది. జబ్బ కింది గుంజుడు మెల్లగా చేతిలోకి దిగుతున్నది; దానిలో కూడా ఏదో బరువు తీరుతున్న సుఖం ఉన్నట్టు తోచింది. మెడ మీద పొట్టేలు లేదు. చేత్తో తడుముకుని చూశాడు. నిజంగానే లేదు.

కండ్లు మూసుకున్నాడు. కాలువ కనిపించింది, ఎప్పటిలాగే. మంద వచ్చి గట్టు మీద ఆగింది. ముసలి పొట్టేలు ముందుకు పోయి, ముందరి కాళ్లు నీళ్లలో పెట్టి, మూతి వంచింది. తాగింది. ఎంతసేపు తాగిందో. తర్వాత తల ఎత్తి, మూతి నుంచి నీటి చుక్కలు రాలుతుండగా, వెనక్కి తిరిగింది. మంద అంతా తిరిగింది. సంకలో పిల్లాడితో ఒక పడుచు ఆడమనిషి ముందు నడుస్తున్నది. ఆమె వెనక గిట్టల దుమ్ములో ఇరవై ఇరవై రెండేండ్ల పిల్లగాడొకడు, ఈసారి అంగడికి పోకుండా, మంద వెంట నడిచాడు. దుమ్ము మంచులాగా లేస్తున్నది. గొర్రెలు ముందు వినిపించి, తర్వాత కనిపించకుండా పోతున్నాయి.

"తాతా, ఇను" అన్నది మల్లిక, నోటు బుక్కులోంచి తల ఎత్తకుండానే. "ఐదు కాగితాలు కొట్టేసిన. మూలం ఒక్కటే, బేరం కోసం చెప్పిన మాట, పుట్టిన చోటు హాలియా అంగడి అని రాసిన. అసలు సాక్షి గుర్వమ్మ. సంవత్సరం తెలియదు. మంద దాటలేదు. మంద లెక్క పరిశోధకురాలికి తెలుసు. చెప్పినవారి ఆచారాన్ని మన్నించి ఇక్కడ ఇవ్వడం లేదు. బాగున్నదా? ఇంగ నీ పేరు ఏడ రాయాలె? సాక్షి అని రాయరాదు. ఉట్టిగనే ఒదిలిపెట్టనీకి మనసొప్పుతలేదు. సాక్షి తాన్కి తోలుకపోయినోడు అని రాస్తే? గది నిజమే కద తాతా?"

బస్సు మెట్ట ఎక్కుతున్నది. పచ్చ వెనక్కిపోయి ఎర్ర నేల వచ్చింది. జానయ్య తల కిటికీ చువ్వకు ఆని, గుంత వచ్చినప్పుడల్లా మెల్లగా ఊగుతున్నది. అవునన్నట్టుగా.

"తాతా?"

తిరుమలగిరి వచ్చాక కండక్టర్ విజిల్ వేశాడు. ఇద్దరు దిగవలసినచోట ఎవరూ లేవలేదు.

లెక్క తేల్చవలసి వస్తే, ఆ దినం పోయింది ఒక కథ, దానితోపాటు దాన్ని మోసిన మెడ. వచ్చింది, నాలుగు నెలల తర్వాత అచ్చయిన పుస్తకంలో పేజీ కింద, చీమ తలలంత అక్షరాల్లో ఒక్క వరస: సాక్షి వద్దకు తోడుకొని పోయినవారు, జానయ్య, గొర్రెల బేరగాడు. ఆ పేజీలో ఊరి పేరు తప్పు పడలేదు. యాదయ్య ఆ పేజీ కోసి చాయ కొట్టులో అంటించాడు. అడిగినవాళ్లకు చదివి వినిపిస్తాడు. చదివేది ఒక్క వరసే కనుక ఒక మాటా కలపలేకపోతున్నానని బాధపడతాడు.

తువ్వాల మల్లిక దగ్గర ఉన్నది. ఆమె దాన్ని ఉతకలేదు. తెల్ల గుడ్డ మధ్యలో, మడత పక్కన, మిరప రంగులో వేళ్ల గుర్తులు, కొన్ని ఒకసారి పట్టి వదిలినవి, కొన్ని రెండోసారి పట్టి వదిలినవి, ఇంకా అట్లాగే ఉన్నాయి.